ఎంఎంఏలో రీమ్యాచ్‌లు ఎందుకు వాయిదా పడుతుంటాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

హోరాహోరీ పోరు ముగిసి, రిఫరీ ఒకరి చెయ్యి పైకెత్తిన క్షణం నుంచే అభిమానుల ప్రశ్న మొదలవుతుంది: వీళ్లిద్దరూ మళ్లీ ఎప్పుడు? మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో దీనికి జవాబు ఒకసారి 3 నెలలు, ఒకసారి 5 ఏళ్లు, ఒక్కోసారి ఎన్నటికీ లేదు. ఉదాహరణలు ఎక్కువగా ఈ పోటీలు నడిపే అమెరికా సంస్థ యూఎఫ్‌సీ నుంచి తీసుకున్నాం. పేరున్న ఫైటర్లలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు, పేరున్న వాయిదాలూ అక్కడివే.

రీమ్యాచ్ అని దేన్ని అంటారు?

ఒకసారి తలపడిన ఇద్దరు మళ్లీ తలపడితే రీమ్యాచ్. మొదటి పోరు ఎంత పాతదైనా లెక్కలోకి వస్తుంది. లియోన్ ఎడ్వర్డ్స్, కమారు ఉస్మాన్ 2015 డిసెంబరులో, ఇద్దరి పేర్లూ పెద్దగా ఎవరికీ తెలియని రోజుల్లో తలపడ్డారు. 2022 ఆగస్టులో రెండోసారి ఎదురుపడేనాటికి ఉస్మాన్ చాంపియన్. ఇన్నేళ్ల ఎడం ఉన్నా దాన్ని వాయిదా అనలేం, ఆ మధ్యకాలంలో చాలా ఏళ్లు దాన్ని అడిగినవాళ్లే లేరు. అందరూ కోరుకున్నా, కొన్నిసార్లు తేదీ కూడా ప్రకటించినా చేజారిన పోటీల సంగతే ఇక్కడ చూద్దాం.

ఓడిన చాంపియన్‌కు వెంటనే రీమ్యాచ్ అడిగే హక్కు ఉండదా?

బాక్సింగ్‌లో ఒప్పంద పత్రంలోనే రీమ్యాచ్ షరతు రాసుకోవడం మామూలు. అక్కడ ఇద్దరు బాక్సర్లకు ఇద్దరు ప్రమోటర్లు ఉంటారు, బెల్టు ఇచ్చే సంస్థ ఇంకొకటి. ఎవరి ప్రయోజనం వారు కాగితం మీదే కాపాడుకుంటారు. యూఎఫ్‌సీలో ఫైటర్లిద్దరూ ఒకే సంస్థతో ఒప్పందంలో ఉంటారు, బెల్టూ ఆ సంస్థదే, ర్యాంకుల్లో ఎవరిని ముందుకు పిలవాలో తేల్చేదీ అదే. కాబట్టి తక్షణ రీమ్యాచ్ అక్కడ ఆనవాయితీ మాత్రమే.

ఆ ఆనవాయితీ ఎవరికి వర్తిస్తుందన్నది బేరాన్ని బట్టి ఉంటుంది. ఇజ్రాయెల్ అడెసాన్యా 2022 నవంబరులో అలెక్స్ పెరీరా చేతిలో ఓడి, 5 నెలలు తిరగకుండానే 2023 ఏప్రిల్లో రీమ్యాచ్ దక్కించుకుని బెల్టు తిరిగి గెలిచాడు. ఏళ్ల తరబడి ఫెదర్‌వెయిట్‌ను ఏలిన జోసె ఆల్డో 2015 డిసెంబరు 12న కానర్ మెక్‌గ్రెగర్ చేతిలో 13 సెకన్లలో నేలకూలాడు. అతనికి ఆ అవకాశం ఎన్నడూ రాలేదు. మెక్‌గ్రెగర్ పై బరువు విభాగాలకు వెళ్లిపోయాడు, సంస్థకు అక్కడే ఎక్కువ డబ్బు కనిపించింది. అర్హతను బట్టి చూస్తే ఆల్డో కంటే తక్షణ రీమ్యాచ్‌కు తగినవాడు ఆ దశాబ్దంలో మరొకడు లేడని నా అభిప్రాయం.

వాయిదాలకు గాయాలే అసలు కారణమా?

తేదీ తప్పడానికి ఎక్కువసార్లు గాయమే కారణం. ఎంతకాలం తప్పుతుందన్నది మాత్రం గాయం ఒక్కటే తేల్చే విషయం కాదు. అది చాలావరకు బెల్టు ఎవరి నడుముకు ఉందో, ఆ సమయానికి వరుసలో ఇంకెవరు నిలబడ్డారో దాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే అభిమానుల వాదనల్లో సగం ఎటూ తేలవు.

ముందు తేలికైన ఉదాహరణ. 2008 ఫిబ్రవరిలో ఫ్రాంక్ మీర్ చేతిలో బ్రాక్ లెస్నర్ 90 సెకన్లలో ఓడాడు. ఏడాది తిరిగేలోపు లెస్నర్ ర్యాండీ కూటూర్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు, మీర్ తాత్కాలిక టైటిల్ గెలిచాడు. 2009 మే 23కు రీమ్యాచ్ ఖాయమైంది. మీర్ మోకాలికి శస్త్రచికిత్స జరగడంతో అది జులై 11న యూఎఫ్‌సీ 100 అనే కార్యక్రమానికి మారింది. అంటే 7 వారాల జాప్యం. రెండు బెల్టులూ ఆ ఇద్దరి దగ్గరే ఉన్నాయి, మధ్యలో దూరడానికి మూడోవాడికి చోటు లేదు.

ఇక డొమినిక్ క్రూజ్, యురైజా ఫేబర్ సంగతి. 2007లో ఫేబర్ గెలిచాడు, 2011 జులైలో క్రూజ్ గెలిచాడు. లెక్క తేల్చే మూడో పోరును 2012 జులై 7కు పెట్టారు. దానికి ప్రచారంగా ఇద్దరూ ఒక టీవీ రియాలిటీ షోలో ఎదురెదురు కోచ్‌లుగా నెలల తరబడి కనిపించారు. షో నడుస్తుండగానే క్రూజ్ మోకాలి లిగమెంటు తెగింది. అతికించిన లిగమెంటును శరీరం అంగీకరించక రెండోసారి శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత గజ్జల్లో గాయం. 2014 సెప్టెంబరులో తిరిగి వచ్చి నిమిషం ఆటలో గెలిచాడు, కొద్ది నెలలకే రెండో మోకాలు కూడా పోయింది.

మోకాళ్లు ఒక్కటే అడ్డమైతే కథ ఇంత పొడవు అయ్యేది కాదు. క్రూజ్ లేని కాలంలో బెల్టు రెనాన్ బరావ్‌కు, అతని నుంచి 2014 మేలో టీజే డిల్లషాకు వెళ్లింది. డిల్లషా శాక్రమెంటోలో ఫేబర్ శిక్షణ కేంద్రంలోనే తయారైనవాడు. తన దగ్గర ఎదిగిన కుర్రాడి మీదికి వెళ్లడానికి ఫేబర్ సిద్ధంగా లేడు. అలా ఒకవైపు గాయం, మరోవైపు స్నేహం దారి మూసేశాయి. 2016 జనవరిలో క్రూజ్ వచ్చి డిల్లషాను ఓడించి బెల్టు తీసుకోగానే ముడి విడిపోయింది. 5 నెలలు కాకుండానే, 2016 జూన్ 4న, మూడో పోరు జరిగింది. క్రూజ్ గెలిచాడు. అనుకున్న రోజుకు 4 ఏళ్ల ఆలస్యం.

నాకౌట్ తర్వాత ఫైటర్ ఎన్నాళ్లు ఆగాలి?

అమెరికాలో దాదాపు ప్రతి రాష్ట్రానికీ అథ్లెటిక్ కమిషన్ లాంటి నియంత్రణ సంస్థ ఉంటుంది. పోరు ముగియగానే వైద్యులు చూసి వైద్యపరమైన విరామం విధిస్తారు. నాకౌట్ అయితే సాధారణంగా 30 నుంచి 60 రోజులు, ఆ కాలంలో దెబ్బలు తగిలే సాధన కూడా చేయకూడదు. ఎముక విరిగిందని అనుమానం ఉంటే 180 రోజులు, లేదా వైద్యుడు అనుమతించేదాకా. దానికి శిక్షణ శిబిరానికి పట్టే 8 నుంచి 10 వారాలు కలపండి. ఏ గొడవా లేకుండా సజావుగా సాగినా రీమ్యాచ్‌కు కనీసం 3 నుంచి 4 నెలలు పడుతుంది. అంతకంటే త్వరగా జరిగిందంటే మొదటి పోరులో ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదని అర్థం.

డోపింగ్ వల్ల ఎంత ఆలస్యం కావచ్చు?

జాన్ జోన్స్, డేనియల్ కార్మియర్ కథ చదివితే సరిపోతుంది.

2015 జనవరి 3న జోన్స్ న్యాయనిర్ణేతల ఏకగ్రీవ నిర్ణయంతో గెలిచాడు. ఏప్రిల్లో ఆల్బకర్కీలో కారు ప్రమాదం చేసి పారిపోయిన కేసులో ఇరుక్కున్నాడు. సంస్థ బెల్టు లాగేసుకుంది. మేలో ఆంథోనీ జాన్సన్‌ను ఓడించి కార్మియర్ ఆ ఖాళీ టైటిల్ అందుకున్నాడు. ఇప్పుడు ఓడినవాడి దగ్గర బెల్టు, గెలిచినవాడి దగ్గర మచ్చ. రీమ్యాచ్‌కు ఇంతకంటే మంచి సరుకు ఏ ప్రమోటరుకూ దొరకదు.

2016 ఏప్రిల్ 23కు పెట్టారు. పోరు ఇంకా 3 వారాలుందనగా కార్మియర్ పాదానికి గాయమైంది. జులై 9న యూఎఫ్‌సీ 200కు మార్చారు. ఈసారి 3 రోజుల ముందు జోన్స్ డోపింగ్ పరీక్షలో దొరికిపోయాడు. రాత్రికి రాత్రి ఆండర్సన్ సిల్వా ముందుకొచ్చి కార్మియర్‌తో తలపడ్డాడు, అదీ టైటిల్‌తో సంబంధం లేని 3 రౌండ్ల పోరు. జోన్స్‌కు ఏడాది నిషేధం. చివరికి 2017 జులై 29న అనహైమ్‌లో రీమ్యాచ్ జరిగింది, జోన్స్ మూడో రౌండులో కార్మియర్‌ను నేలకూల్చాడు. కొద్ది వారాలకే బరువు తూచిన రోజు తీసుకున్న నమూనాలో ట్యూరినబాల్ అనే స్టెరాయిడ్ ఆనవాళ్లు బయటపడ్డాయి. కాలిఫోర్నియా కమిషన్ ఫలితాన్ని రద్దు చేసింది, బెల్టు మళ్లీ కార్మియర్‌కే వచ్చింది. రెండున్నరేళ్లు ఎదురుచూసిన పోరు రికార్డుల్లో 'ఫలితం లేదు' అని మిగిలింది.

ఒక మనిషి డోపింగ్ కేసు అతని ప్రత్యర్థులందరి క్యాలెండర్‌నూ తినేస్తుంది. స్వీడన్‌కు చెందిన అలెగ్జాండర్ గస్టాఫ్‌సన్ 2013 సెప్టెంబరులో టొరంటోలో జోన్స్‌ను ఓటమి అంచుదాకా తీసుకెళ్లాడు. 2014 సెప్టెంబరులో జరగాల్సిన రీమ్యాచ్ నుంచి అతనే మోకాలి గాయంతో తప్పుకున్నాడు. ఆ ఖాళీలోకి వచ్చినవాడే కార్మియర్. 2015 జనవరిలో స్టాక్‌హోమ్‌లో జాన్సన్ చేతిలో ఓడటంతో గస్టాఫ్‌సన్ వరుసలో ఇంకా వెనక్కి పోయాడు, తర్వాత జోన్స్ నిషేధాలు మొదలయ్యాయి. 2018 డిసెంబరు 29న గాని రెండో పోరు జరగలేదు. అదీ తిన్నగా జరిగిందా అంటే లేదు. జోన్స్ నమూనాలో అదే పదార్థం జాడ మళ్లీ కనిపించింది, తేల్చుకోవడానికి నెవాడా కమిషన్ గడువు కోరింది. పోరుకు 6 రోజుల ముందు మొత్తం కార్యక్రమాన్ని లాస్ వెగాస్ నుంచి కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌కు ఎత్తుకెళ్లారు. టికెట్లు, విమానాలు, హోటళ్లు ముందే కొనుక్కున్న ప్రేక్షకుల గోడు వినేవాడు లేడు.

కంట్లో వేలు తగిలి పోరు ఆగిపోతే వెంటనే మళ్లీ పెట్టాలి కదా?

న్యాయంగా అయితే పెట్టాలి. 2023 అక్టోబరులో అబుదాబిలో మాగోమెడ్ అంకలాయెవ్ కొట్టిన నిబంధన విరుద్ధమైన మోకాలి దెబ్బకు జానీ వాకర్‌తో పోరు తొలి రౌండులోనే ఆగిపోయింది, 'ఫలితం లేదు' అని ప్రకటించారు. 3 నెలలు నిండకముందే, 2024 జనవరి 13న, ఇద్దరూ మళ్లీ బరిలో ఉన్నారు. అప్పుడు ఇద్దరికీ బెల్టు లేదు, అడ్డొచ్చే లెక్కలూ లేవు.

దీని పక్కన లియోన్ ఎడ్వర్డ్స్, బెలాల్ మహమ్మద్ కథ పెట్టి చూడండి. 2021 మార్చి 13న రెండో రౌండు మొదలైన 18 సెకన్లకే ఎడ్వర్డ్స్ వేలు బెలాల్ కంట్లో గుచ్చుకుంది. పోరు రద్దు. కన్ను త్వరగానే బాగైంది, 3 నెలల్లోనే బెలాల్ మళ్లీ పోరాడి గెలిచాడు. అయినా రీమ్యాచ్‌కు 3 సంవత్సరాల 4 నెలలు పట్టింది. కారణం గాయం కాదు, ఎవరి అవసరం ఏమిటన్నది. ఎడ్వర్డ్స్‌కు టైటిల్ దగ్గర్లో ఉంది, వెనక్కి తిరిగి చూసే పని లేదు. నేట్ డియాజ్‌ను ఓడించాడు, 2022 ఆగస్టులో చివరి నిమిషంలో తలకు కొట్టిన తన్నుతో ఉస్మాన్ నుంచి బెల్టు లాక్కున్నాడు. తర్వాత ఉస్మాన్‌కు రీమ్యాచ్. ఆ తర్వాత కాల్బీ కోవింగ్టన్‌కు అవకాశం. కోవింగ్టన్ దాదాపు 2 ఏళ్లుగా బరిలోకే దిగలేదు, కానీ నోటి దురుసుతో టికెట్లు అమ్మగలడు. ఈలోపు బెలాల్ డెమియన్ మాయాను, స్టీఫెన్ థాంప్సన్‌ను, విసెంటే లూకేను, షాన్ బ్రాడీని, గిల్బర్ట్ బర్న్స్‌ను వరుసపెట్టి ఓడించాడు. ఇక పక్కన పెట్టడం కుదరని స్థితి వచ్చాకే పిలుపు వచ్చింది. 2024 జులై 27న మాంచెస్టర్‌లో బెలాల్ ఏకగ్రీవ నిర్ణయంతో చాంపియన్ అయ్యాడు. అతని శైలి చూడముచ్చటగా ఉండదన్న మాట నిజమే. అయితే ఆ మాటకు 3 ఏళ్ల శిక్ష ఎక్కువ.

అన్నట్టు, అదే రాత్రి అదే వేదిక మీద మరో పాత లెక్క కూడా తేలింది. 2022 జులైలో లండన్‌లో పోరు మొదలైన 15 సెకన్లకే టామ్ ఆస్పినల్ మోకాలు పట్టేసి కర్టిస్ బ్లేడ్స్‌కు గెలుపు దక్కింది. రెండేళ్ల తర్వాత ఆస్పినల్ 60 సెకన్లలో బదులు తీర్చుకున్నాడు. ఆ ఆస్పినలే 2025 అక్టోబరు 25న అబుదాబిలో సిరిల్ గాన్ వేళ్లు కళ్లలో గుచ్చుకుని తొలి రౌండులోనే ఆగిపోయాడు. ఆ రీమ్యాచ్ వెంటనే జరగకపోవడానికి కారణం మాత్రం నూటికి నూరుపాళ్లు కన్నే.

తాత్కాలిక టైటిల్ ఎందుకు పెడతారు?

చాంపియన్ ఎక్కువకాలం దూరంగా ఉంటే ఆ విభాగం స్తంభించకుండా. పెట్ర్ యాన్, అల్జమైన్ స్టెర్లింగ్ మధ్య 2021 మార్చిలో జరిగిన పోరు యాన్ అనర్హత వేటుతో ముగిసింది, కింద ఉన్నవాడి తలకు మోకాలితో కొట్టినందుకు. బెల్టు స్టెర్లింగ్‌కు వెళ్లింది, ఆ వెంటనే అతను మెడకు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. అక్టోబరుకు పెట్టిన రీమ్యాచ్‌కు కోలుకోలేకపోవడంతో యాన్, కోరీ శాండ్‌హేగన్ తాత్కాలిక టైటిల్ కోసం తలపడ్డారు. 2022 ఏప్రిల్ 9న ఇద్దరు బెల్టుధారులూ ఎదురుపడినప్పుడు స్టెర్లింగ్ స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరి మొగ్గుతో, నెగ్గాడు. తాత్కాలిక బెల్టు ఇక్కడ రీమ్యాచ్‌ను బతికించింది. క్రూజ్ విషయంలో అదే తాత్కాలిక బెల్టు కొన్నాళ్లకు అసలు బెల్టుగా మారి అతన్నే బయటికి నెట్టింది.

పోటీలు నడిపే సంస్థ కావాలనే ఆలస్యం చేస్తుందా?

చేస్తుంది, కానీ అభిమానులు అనుమానించినంత తరచుగా కాదు. పెద్ద పోరును పెద్ద కార్యక్రమానికి దాచుకోవడం వ్యాపారంలో మామూలే. యూఎఫ్‌సీ ఏడాదికి 40కి పైగా కార్యక్రమాలు నడిపినా, యూఎఫ్‌సీ 200 లాంటి, పేరులో సంఖ్య ఉన్న పెద్దవి నెలకు ఒకటి చొప్పునే ఉంటాయి. టైటిల్ రీమ్యాచ్‌లు చాలావరకు వాటి కోసమే ఆగుతాయి.

ఒక్కోసారి ఫైటరే బిగుసుకుంటాడు. 2016 మార్చిలో నేట్ డియాజ్ 11 రోజుల ముందు పిలుపు అందుకుని వచ్చి మెక్‌గ్రెగర్‌ను రెండో రౌండులో లొంగదీశాడు. రీమ్యాచ్ జులైలో యూఎఫ్‌సీ 200కు ఖాయమైంది. ఐస్‌లాండ్‌లో సాధనలో ఉన్న మెక్‌గ్రెగర్ ప్రచారం కోసం లాస్ వెగాస్ రానని తేల్చిచెప్పాడు. సంస్థ అతన్ని కార్యక్రమం నుంచి తీసేసింది. మధ్యలో రిటైర్మెంట్ అంటూ ఒక ట్వీటు కూడా వచ్చింది. 6 వారాల తర్వాత, ఆగస్టు 20న, ఆ పోరు జరగనే జరిగింది. ఇద్దరికీ డబ్బు అవసరమైన చోట పంతం 6 వారాలకు మించి నిలవదు.

వేదికల తంటా వేరు. ఆండర్సన్ సిల్వా, చేల్ సోనెన్ మొదటి పోరు 2010 ఆగస్టులో జరిగింది. దాదాపు 5 రౌండ్లు దెబ్బలు తిన్న సిల్వా చివర్లో సోనెన్‌ను లొంగదీసి గెలిచాడు. ఆ తర్వాత సోనెన్ డోపింగ్ సస్పెన్షన్, మనీ లాండరింగ్ కేసు అడ్డొచ్చాయి. అవన్నీ దాటి 2012 జూన్‌లో బ్రెజిల్‌లో పెట్టబోతే, అదే సమయానికి రియోలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు వచ్చిపడింది. నగరంలో హోటల్ గదులు లేవు. పోరు జులై 7న లాస్ వెగాస్‌కు మారింది. జాతకాలు కలిసినా కల్యాణ మండపం దొరకాలి కదా.

రంజాన్‌ను కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఉపవాసం ఉంటూ బరువు తగ్గించడం, సాధన చేయడం కష్టం కాబట్టి ఖబీబ్ నూర్‌మగొమెదోవ్ లాంటివాళ్లు ఆ నెలకు దూరంగా తేదీలు అడిగేవారు. అందరూ అలా కాదు, అంకలాయెవ్ 2025 మార్చి 8న పెరీరాను ఓడించి బెల్టు గెలిచింది రంజాన్ మాసంలోనే.

ఇక ముందు ఈ లెక్కలు కొంత మారవచ్చు. 2026 నుంచి అమెరికాలో యూఎఫ్‌సీ ప్రసారాలు పారమౌంట్ అనే మీడియా సంస్థకు వెళ్లాయి. 7 ఏళ్లకు 770 కోట్ల డాలర్ల ఒప్పందం, ఒక్కో కార్యక్రమానికి విడిగా డబ్బు కట్టే పద్ధతి అక్కడ పోయింది. ఫలానా పోరు ఎంతమంది కొంటారన్న ప్రశ్న లేనప్పుడు రీమ్యాచ్‌ను దాచిపెట్టుకునే ఆశ తగ్గాలి. అదే లెక్కన, త్వరగా పెట్టాలన్న ఒత్తిడి కూడా తగ్గుతుంది.

ఫైటర్ సంస్థ మారాలనుకుంటే?

అప్పుడు విషయం కోర్టుకు వెళుతుంది. యూఎఫ్‌సీకి పోటీ సంస్థగా ఉన్న బెలాటర్‌లో ఎడ్డీ అల్వారెజ్, మైకేల్ చాండ్లర్ 2011 నవంబరు 19న ఆడిన పోరును ఆ సంస్థ చరిత్రలోనే గొప్పదిగా చాలామంది ఇప్పటికీ చెబుతారు. చాండ్లర్ గెలిచాడు. ఆ తర్వాత అల్వారెజ్ ఒప్పందం ముగిసింది, యూఎఫ్‌సీ నుంచి పిలుపు వచ్చింది. ఆ మొత్తానికి సమానంగా తామూ ఇస్తామని బెలాటర్ అడ్డుపడింది. సమానమా కాదా అన్నది తేల్చుకోవడానికి ఇద్దరూ న్యాయస్థానం మెట్లెక్కారు. మంచి వయసులో ఉన్న ఫైటర్ నెలల తరబడి లాయర్ల మధ్య గడిపాడు. రాజీ కుదిరాక 2013 నవంబరు 2న రీమ్యాచ్ జరిగి అల్వారెజ్ గెలిచాడు. లెక్క తేల్చే మూడోది 2014 మేకు పెడితే అల్వారెజ్ తలకు దెబ్బ తగిలి తప్పుకున్నాడు, కొన్నాళ్లకు యూఎఫ్‌సీకి వెళ్లిపోయాడు. మూడో పోరు జరగనే లేదు.

ఒక రీమ్యాచ్ చెడితే ప్రత్యామ్నాయంగా ఎవరిని తెస్తారు?

విచిత్రంగా, ఎక్కువసార్లు మరో రీమ్యాచ్‌నే. పాత పోరు ఉంటే ప్రచారానికి వీడియోలు సిద్ధంగా ఉంటాయి. 2016 జూన్‌లో ల్యూక్ రాక్‌హోల్డ్‌తో రెండోసారి తలపడాల్సిన క్రిస్ వైడ్‌మన్ మెడ గాయంతో తప్పుకున్నాడు. అంతకుముందు 2014లో రాక్‌హోల్డ్ చేతిలో ఓడిన మైకేల్ బిస్పింగ్ 17 రోజుల వ్యవధిలో వచ్చి తొలి రౌండులోనే అతన్ని పడగొట్టి చాంపియన్ అయ్యాడు. వైడ్‌మన్, రాక్‌హోల్డ్ మళ్లీ ఎన్నడూ తలపడలేదు. 2023 అక్టోబరులో ఇస్లాం మఖచెవ్‌తో రీమ్యాచ్‌కు సిద్ధమవుతున్న చార్ల్స్ ఒలివీరా కనుబొమ్మ చిట్లింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే మఖచెవ్‌తో హోరాహోరీగా పోరాడి ఓడిన వోల్కనోవ్‌స్కీ రెండు వారాలైనా లేని గడువులో ఒప్పుకున్నాడు. ఫలితం: తలకు తన్ను, తొలి రౌండులోనే ఓటమి. సరైన శిక్షణతో ఆడాల్సిన రీమ్యాచ్ అలా వృథా అయిపోయింది.

రీమ్యాచ్ కోసం కూర్చుని ఎదురుచూడటం మంచిదేనా?

ఎక్కువసార్లు కాదు. గ్లోవర్ టెషేరా 2022 జూన్‌లో సింగపూర్‌లో జిరీ ప్రొహాజ్కా చేతిలో చివరి నిమిషంలో ఓడాడు. డిసెంబరుకు రీమ్యాచ్ పెడితే ప్రొహాజ్కా భుజం దెబ్బతిని బెల్టు వదిలేశాడు. ఖాళీ టైటిల్‌కు అంకలాయెవ్‌తో అప్పటికప్పుడు తలపడమంటే టెషేరా ఒప్పుకోలేదు. 2023 జనవరిలో రియోలో జమాల్ హిల్ చేతిలో ఓడి, అక్కడే రిటైరయ్యాడు.

ఆగకుండా పోరాడటానికీ ఖర్చు ఉంది. రోండా రౌజీని 2015 నవంబరులో పడగొట్టిన హోలీ హోల్మ్ రీమ్యాచ్ కోసం ఆగకుండా 2016 మార్చిలో మీషా టేట్‌తో తలపడి బెల్టు పోగొట్టుకుంది. దాంతో కోట్లు తెచ్చిపెట్టే రీమ్యాచ్ కూడా పోయింది. ఆమె చేసింది తప్పని నేను అనను. రౌజీ ఎప్పుడు తిరిగి వస్తుందో ఎవరికీ తెలియదు, ఫైటర్‌కు జీతం నెలనెలా రాదు, బరిలో దిగితేనే డబ్బు.

ఆగడం, ఆగకపోవడం అనే ఈ రెండు దారుల మధ్య నలిగినవాడు ఆంథోనీ పెటిస్. టైటిల్ అవకాశం మాటిచ్చారు. ఈలోపు ఫ్రాంకీ ఎడ్గర్, గ్రే మేనార్డ్ 2011 జనవరి 1న డ్రా చేసుకున్నారు, వాళ్ల మూడో పోరు ముందుకొచ్చింది. అది మేలో జరగాల్సి ఉండగా ఇద్దరూ గాయపడి అక్టోబరుకు వెళ్లింది. ఆగలేక జూన్‌లో క్లే గుయిడాతో తలపడి పెటిస్ ఓడిపోయాడు.

పోరు రోజునే రద్దు అవుతుందా?

అవుతుంది. 2017 జులై 8న లాస్ వెగాస్‌లో అమాండా నూనెస్, వాలెంటీనా షెవ్‌చెంకో రీమ్యాచ్ ఆ రాత్రి ప్రధాన పోరు. ముందురోజు బరువు తూచే ఘట్టం సజావుగా ముగిసింది. పోరు రోజు ఉదయం సైనసైటిస్‌తో ఊపిరి ఆడటం లేదని నూనెస్ తప్పుకుంది. సెప్టెంబరులో ఎడ్మంటన్‌లో జరిపారు, నూనెస్ స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచింది. 2025 జనవరిలో మఖచెవ్‌తో రీమ్యాచ్‌కు ఒక రోజు ముందు అర్మాన్ సరుక్యాన్ నడుము పట్టేసి వైదొలిగాడు. అదే కార్యక్రమంలో వేరే పోరుకు వచ్చిన రెనాటో మోయికానో టైటిల్ పోరుకు ఎక్కేశాడు. మఖచెవ్, సరుక్యాన్‌ల మొదటి పోరు 2019 ఏప్రిల్ నాటిది.

ఖబీబ్, టోనీ ఫెర్గూసన్ రీమ్యాచ్ ఎన్నిసార్లు రద్దయింది?

ఒక్కసారి కూడా కాదు, ఎందుకంటే వాళ్లిద్దరూ అసలు ఎన్నడూ తలపడలేదు. 2015 నుంచి 2020 వరకు 5 సార్లు తేదీ పెట్టారు, పక్కటెముక నుంచి కరోనా దాకా ఏదో ఒకటి అడ్డొచ్చింది. వాయిదాల చర్చ వస్తే వీళ్ల పేరు రావడం సహజం, కానీ అది జరగని మొదటి మ్యాచ్.

భారత్‌లో చూసేవాళ్లు ప్రకటించిన తేదీని ఎంతవరకు నమ్మవచ్చు?

ఫైటర్లు మాటవరసకు ఒప్పుకున్నారన్న వార్తకు, ఒప్పంద పత్రాల మీద సంతకాలయ్యాయన్న వార్తకు చాలా తేడా ఉంది. మొదటిదాన్ని పట్టించుకోకండి. రెండోది వచ్చాక కూడా వేదిక, తేదీ, పోరు మూడూ సంస్థ నోటి నుంచి వచ్చేదాకా ఆగండి. లైసెన్సు ఇవ్వాల్సిన కమిషన్ ఏదో చూడండి, డోపింగ్ గతం ఉన్న ఫైటర్ విషయంలో అది ముఖ్యం. ఆ రాత్రి పోరుల జాబితాలోనే, అంటే కార్డులోనే, అదే బరువు విభాగంలో మరో పెద్ద పోరు కనిపిస్తే, అది చాలావరకు ఎవరైనా తప్పుకుంటే వాడుకోవడానికి పెట్టిందే.

అమెరికాలో శనివారం రాత్రి జరిగే పోరాటాలు మనకు ఆదివారం ఉదయం వస్తాయి, అబుదాబివి సాధారణంగా శనివారం రాత్రే. ఐరోపాలో జరిగినా అమెరికా ప్రేక్షకుల వేళకు కట్టుబడితే మనకు ఉదయమే. మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్స్, బెలాల్ రీమ్యాచ్ ఉన్న ప్రధాన కార్డు అక్కడ తెల్లవారుజామున 3 గంటలకు, మన దగ్గర ఉదయం 7.30కు మొదలైంది. ఫైటర్లు బరువు తూచుకునేది మన సమయం ప్రకారం సాధారణంగా శుక్రవారం రాత్రి. అలారం పెట్టుకునే ముందు ఆ ఫలితాలు ఒకసారి చూసుకోండి.